ఇరవై ఎనిమిదో నెల

మా అత్తయ్య తేదీల్ని నమ్మదు. మనుషుల్ని నమ్ముతుంది. వాతావరణ సూచనల్ని నమ్ముతుంది. "రెండు నిమిషాల్లో వచ్చేస్తున్నా" అని ఫోనులో చెప్పే మా మావయ్యను కూడా, పెళ్లయిన ఇన్నేళ్ల తరవాత, ఇంకా నమ్ముతూనే ఉంది. కానీ ఎవరైనా కాగితం మీద రెండు అంకెలు వేసి, మధ్యలో గీత గీసి, "ఇదిగో తేదీ" అన్నారో, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి ఆ మనిషిని పైనుంచి కిందికి చూస్తుంది. "ఇది తేదీ అని నీకెవరు చెప్పారు?" అంటుంది.

అత్తయ్య అంటే మా నాన్నకి స్వయానా అక్క. మేమిద్దరం ఒకే కంటి ఆసుపత్రిలో పనిచేస్తాం. నేను గుమ్మం ఎదుట రిసెప్షన్ కౌంటర్లో, ఆవిడ మెట్ల పక్కనున్న రికార్డుల గదిలో. నేను "అత్తయ్యా" అని పిలవడం విని మొదట నర్సులు, తరవాత లిఫ్టు నడిపే ఆయన, చివరికి పెద్ద డాక్టరుగారితో సహా అందరూ ఆవిణ్ణి అత్తయ్యను చేసేసుకున్నారు. వెనకాల మాత్రం తారీఖత్తయ్య అంటారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. కోపమేమీ లేదు. "ఎవరి తారీఖు, ఏ నెల తారీఖు అని సరిగ్గా చెబితే పలుకుతాను" అంటుంది.

నేను ఆవిడ గురించి ఊరికే గొప్పలు చెప్పుకుంటానని మా ఇంట్లో ఏడిపిస్తూ ఉంటారు. చెప్పుకుంటాను. మా అత్తయ్య గురించి రోజుకొక్కసారైనా ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు తిన్నది అరగదు. ఈరోజు మీ వంతు వచ్చింది, కాస్త ఓపిక పట్టండి.

మావయ్యతో మొదలుపెడతాను. పెళ్లికి ముందు ఆయన అత్తయ్య వాళ్ల వీధి చివర ఫొటో స్టూడియో నడిపేవాడు. చాలా రోజులు ధైర్యం కూడగట్టుకుని, ఒక ఫొటో వెనకాల "5/6 సాయంత్రం, పార్కు గేటు దగ్గర" అని రాసి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ అక్కడే నిలబడి చదివింది. సిగ్గుపడలేదు, కోప్పడలేదు. "ఐదో నెల ఆరో తేదీయా, ఆరో నెల ఐదో తేదీయా?" అని అడిగింది.

"మరి మీరేం చెప్పారు మావయ్యా?" అని నేను ఎన్నిసార్లు అడిగినా ఆయన విసుక్కోకుండా చెబుతాడు.

"ఏం చెబుతానే. రెండు రోజులూ వెళ్లి నిలబడ్డాను."

"అత్తయ్య ఎప్పుడొచ్చింది?"

"రెండు రోజులూ వచ్చింది."

"మొదటిరోజే కలిశారు కదా, మళ్లీ నెల తరవాత ఎందుకట?"

"నేనూ అదే అడిగాను. మీరు రాసిన తేదీ ఏదో ఇంకా తేలలేదు కదండీ అంది. ఆ మాటకి పడిపోయాను. ఇప్పటికీ లేవలేదు."

ఇక రొట్టెల దుకాణం సంగతి. అత్తయ్య రొట్టె కొనడానికి వెళ్లిందంటే వెనకాల వరసలో ఉన్నవాళ్లు నిట్టూర్చి బరువు ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి మార్చుకునేవాళ్లు. "ఈ కవరు మీద అంకెలు దీని పుట్టినరోజా, పోయే రోజా?" అని అడిగేది.

"మెత్తగా ఉందో లేదో నొక్కి చూసుకోండమ్మా" అనేవాడు దుకాణదారు.

"మెత్తగానే ఉంది నాయనా. నేను మెత్తదనం అడగలేదు, తేదీ అడిగాను."

ఇప్పుడు ఆ దుకాణదారు ఎంత తయారయ్యాడంటే, ఆవిడ వీధి మలుపు తిరగడం చూడగానే పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టె కాగితంలో చుట్టి గల్లా మీద పెడతాడు. "అత్తయ్యగారూ, ఇది ఈ పొద్దున్నే పుట్టింది. పురుడు పోసింది నేనే" అంటాడు.

ఆవిడ అనుమానాలన్నీ వట్టివే అనుకోకండి. ఒకసారి మా బంధువుల పెళ్లికార్డు వచ్చింది. అందరం బొమ్మ బాగుంది, అక్షరాలు బాగున్నాయి అనుకుంటుంటే, అత్తయ్య ఒక్కతే దాన్ని దీపం దగ్గర పెట్టి చూసి, "వీళ్లు ఆదివారం అంటున్నారు, కానీ వేసిన తేదీ శనివారం నాటిది" అంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా నాన్న అడ్డుపడ్డా వినకుండా పెళ్లికూతురి తండ్రికి ఫోను చేసింది. అప్పటికే కార్డులు పంచేశారు. ఆ పెళ్లికి సగం మంది ముందురోజే వచ్చి కుర్చీలు వెయ్యడంలో సాయపడ్డారు. అత్తయ్య ఫోను చెయ్యకపోయి ఉంటే ఆ కుర్చీలు వేసేవాళ్లలో పెళ్లికొడుకు కూడా ఉండేవాడు.

అలాంటి మనిషి చేతికి ఆసుపత్రి వాళ్లు ఏ పని అప్పజెప్పారో చూడండి. తేదీలు వెతికే పని. మా దగ్గర కంటి శుక్లాల ఆపరేషన్లు జరుగుతాయి. ఎవరికి, ఏ కంటికి, ఏ రోజు అన్నది రికార్డుల గదిలో కంప్యూటర్లో ఒక పెద్ద స్ప్రెడ్‌షీట్‌లో ఉంటుంది. పొద్దున్నే ఒక బటన్ నొక్కితే, ఆ రోజు తేదీ ఏయే గడుల్లో ఉందో వెతికి, ఆ పేర్లన్నీ ఏరి నా కౌంటర్‌కి పంపే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంది. దాన్ని మాక్రో అంటారు. అది ఎవరో ఇంజినీరు రాసింది కాదు, అత్తయ్య రాసుకుంది. పగలు పనిచేసి, సాయంత్రం క్లాసుకి వెళ్లి, తనకన్నా సగం వయసున్నవాళ్ల పక్కన బెంచీ మీద కూర్చుని నేర్చుకుంది. బటన్ మీద "ఈరోజు ఎవరు?" అని రాసింది. ఆ బటన్ని ఇంకెవరూ నొక్కడం ఆవిడకి ఇష్టం ఉండదు.

మొదటి ఏడాది ఆ మాక్రో అత్తయ్యను మూడు చెరువుల నీళ్లు తాగించింది. పేరు ఉంటుంది, తేదీ కంటికి కనిపిస్తూనే ఉంటుంది, మాక్రో మాత్రం "ఎవరూ లేరు" అంటుంది. నాకు ఆశ్చర్యంగా ఉండేది.

"ఎదురుగా కనపడుతున్న తేదీని వెతకడానికి దానికేం రోగం అత్తయ్యా?"

"ఎదురుగా కనపడేది చొక్కానే పిచ్చిమొహమా. లోపల కంప్యూటర్ దాచుకునేది ఒక అంకె. ఎప్పటిదో ఒక మొదటిరోజు నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చిన అంకె. దానికి రోజు, నెల, ఏడు అని మనం చొక్కా తొడుగుతాం. చొక్కా చూసి మనిషిని వెతికితే దొరుకుతాడా? ఈరోజు ఒక చొక్కా, రేపు ఇంకోటి."

అప్పటినుంచి ఏ తేదీ దొరక్కపోయినా ఆవిడ ఆ గడికి మూడు ప్రశ్నలు వేసేది. మనసులో కాదు, పైకే, పక్కగదికి వినబడేలా. "నువ్వు నిజం తేదీవా, తేదీ వేషం కట్టిన అక్షరాలవా?" అన్నది మొదటిది. ఎందుకంటే గీత బదులు చుక్క పెట్టి రాస్తే, మా కంప్యూటర్ దాన్ని తేదీ కింద లెక్కచెయ్యదు, వట్టి అక్షరాలనుకుని ఎడమవైపుకి నెట్టేస్తుంది. "నీ వెనకాల గంటలేమైనా దాచుకున్నావా?" అన్నది రెండోది. ఎవరైనా తేదీతో పాటు టైము కూడా కొడితే, పైకి తేదీ ఒక్కటే కనిపిస్తుంది కానీ లోపలి అంకెకి తోక మొలుస్తుంది, ఇక రెండూ కలవవు. "నీలో ముందున్నది రోజా, నెలా?" అన్నది మూడోది, అన్నిటికన్నా ప్రమాదమైనది.

"మనం ఐదో నెల ఆరో తేదీ అంటే, అది ఆరో నెల ఐదో తేదీ అనుకుంటుంది. మొహం చూస్తే ఏమీ తెలియనట్టే ఉంటుంది" అని చెప్పింది నాకు.

"అన్ని తేదీలూ అలాగే తిప్పేస్తుందా?"

"పన్నెండు దాటితే తిప్పలేదు. పన్నెండుకి మించి నెలలు లేవుగా. అప్పుడు బుద్ధిగా ఉంటుంది. అవకాశం దొరికినప్పుడే దాని తుంటరితనం."

చుక్కలు పెట్టే అలవాటు పెద్ద డాక్టరుగారికి ఉండేది. అత్తయ్య తిన్నగా ఆయన గదిలోకే వెళ్లి నిలదీసింది.

"డాక్టరుగారూ, మళ్లీ చుక్క పెట్టారు."

"ఒక్క చుక్కేగా అత్తయ్యా."

"మీరు కంట్లో వెయ్యమన్న మందు ఒక చుక్క ఎక్కువేస్తే నన్ను ఊరుకుంటారా?"

"ఊరుకోను. కానీ మీరు గుమ్మంలో నిలబడి అరవకుండా లోపలికొచ్చి కూర్చుని అరవొచ్చు" అన్నాడాయన. ఆ తరవాత వాళ్లిద్దరికీ మంచి స్నేహం కుదిరింది. ఆయన చుక్కలు మానేశాడు, అత్తయ్య గుమ్మంలో అరవడం మానేసింది.

ఇలా రోజులు నడుస్తుండగా కొత్త మేనేజరు వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఇస్త్రీ నలగని చొక్కా, పక్కకి చెదరని పాపిడి. ఏదైనా ఒక్క పేజీలో ఇమడాలి, అదే ఆయన ధ్యేయం. రెండో పేజీ వచ్చిందంటే ఆయన మొహం వాడిపోయేది. వెనకాల ఆయనకి ఒకపేజీ సారు అని పేరు పెట్టాం. ఆయన రాగానే, అంతవరకూ నోటిమాటగా నడుస్తున్న ఒక నిబంధనని కాగితం మీద రాసి అంటించాడు, ఒక్క పేజీలోనే. ఇచ్చిన తేదీకి రానివాళ్ల పేరు వరస చివరికి పోతుంది, అంటే నాలుగు నెలలు ఆగాలి. ఆసుపత్రి పొరపాటు వల్ల తేదీ పోతే మాత్రం వచ్చిన రోజునే ఆపరేషన్ చెయ్యాలి.

ఒక సోమవారం పొద్దున అత్తయ్య బటన్ నొక్కింది. మాక్రో "ఎవరూ లేరు" అంది. నా ఎదురుగా హాలంతా మనుషులు. కంట్లో మందు వేయించుకుని, తల వెనక్కి వాల్చి, కుర్చీల వరసల్లో కూర్చుని ఉన్నారు. వీళ్లలో ఒక్కరికీ ఈరోజు ఆపరేషన్ లేదని కంప్యూటర్ అంటోంది.

నేను పరిగెత్తాను. అత్తయ్య అప్పటికే ఒక్కో గడిని నొక్కి, తెర పైన పట్టీలో పడే తేదీని ప్రశ్నిస్తోంది. నిజం తేదీలే, గంటలు దాచుకోలేదు, రోజూ నెలా తిన్నగానే ఉన్నాయి. మూడు ప్రశ్నలూ అయిపోయాయి. మేనేజరు గుమ్మంలోకొచ్చి గడియారం చూసుకుంటున్నాడు. అత్తయ్య కుర్చీ వెనక్కి జరుపుకుని, షీటు మొత్తాన్ని ఒకసారి దూరం నుంచి చూసింది. తేదీలుండాల్సిన కాలమ్ నిండా ఒక్క అంకె లేదు. కంచె కట్టినట్టు పైనుంచి కింద దాకా అడ్డగీతలూ నిలువుగీతలూ.

"ఈ కాలమ్‌ని ఎవరు నొక్కారు?" అంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మేనేజరు టై సర్దుకున్నాడు.

"ప్రింటు రెండో పేజీకి పోతోందని కాస్త సన్నం చేశాను. వెంట్రుకవాసి."

"తేదీ ఇమడలేదు సార్. ఇమడకపోతే అది మొహం చూపించదు, ఇలా ముళ్లకంచె వేసేసుకుంటుంది. నా మాక్రో లోపలి అంకెతో పాటు కనపడే మొహాన్నీ చూసి వెతుకుతుంది. మొహమే లేదాయె."

"కాలమ్ ఇరుకైతే కళ్లు పోతాయా మీ ప్రోగ్రాంకి?"

"అందుకేగా సార్ కంటి ఆసుపత్రిలో పెట్టాను."

కాలమ్ అంచు పట్టుకుని ఆవిడ కాస్త వెడల్పు చేసింది. తేదీలన్నీ ఊపిరి పీల్చుకుని బయటికొచ్చాయి. బటన్ నొక్కగానే పేర్లు బిలబిలమంటూ నా కౌంటర్‌కి వచ్చిపడ్డాయి. ఆ మధ్యాహ్నమే కూర్చుని అత్తయ్య మాక్రోని మార్చేసింది. ఇకమీదట పైకి కనిపించే మొహం చూడదు, చుక్కలుంటే గీతలు చేసుకుని, తోకుంటే కత్తిరించి, లోపలి అంకెనే పోల్చి చూస్తుంది. చుక్కలు పెట్టినా, టైము తగిలించినా, కాలమ్ దారమంత చేసినా దాన్ని ఎవరూ మోసం చెయ్యలేరు. నేను చూస్తూ కూర్చున్నాను. నా ఛాతీ ఎంత పొంగిందో ఆ మేనేజరుకి తెలిస్తే దాన్ని కూడా ఒక్క పేజీకి కుదించేవాడు.

కానీ ఆయనకి హాలు నిండా జనం ముందు తలవంపులైంది. మర్నాడు అత్తయ్యని పిలిచి చెప్పాడు.

"మేడం, కారణం ఎవరన్నది నాకనవసరం. ఈ మాక్రో ఇంకొక్కసారి తప్పు చేసిందంటే దాన్ని తీసేసి బయటినుంచి ప్రోగ్రాం కొంటాను. మీరు కళ్లద్దాల ఫ్రేముల స్టోరు చూసుకోవాల్సి వస్తుంది."

"సరే సార్" అంది అత్తయ్య. వెనక్కి వచ్చి ఆ బటన్ వైపు కాసేపు చూస్తూ కూర్చుంది.

కొన్ని వారాలు గడిచాయి. ఒక శుక్రవారం పొద్దున వాచీల మెకానిక్ వచ్చాడు. మా బస్టాపు పక్కన మెట్లకింద కొట్టు ఆయనది. శుభ్రంగా గడ్డం గీసుకుని, చేతిసంచీలో తువ్వాలు పెట్టుకుని, నా ఎదురుగా నిలబడ్డాడు. కుడికన్ను పూర్తిగా పాలపొర కమ్మింది. ఎడమది ఏడాదినుంచి మసకే.

"ఈరోజు నాకు ఆపరేషనమ్మా" అన్నాడు.

జాబితాలో ఆయన పేరు లేదు. మళ్లీ చూశాను. లేదు. నా వెనకాలే నిలబడ్డ మేనేజరు కూడా చూశాడు.

"పేరు లేదంటే ఈరోజు ఆయన రోజు కాదన్నమాట. చివర్లో రాయండి" అన్నాడు మేనేజరు.

"చివరంటే ఎప్పుడు బాబూ?"

"నాలుగు నెలలు పట్టొచ్చు."

వాచీలాయన కౌంటర్ అంచు పట్టుకున్నాడు. "శుక్రవారమనే చెప్పారు బాబూ. నాకు బాగా గుర్తు. చేతి గడియారాలు కనపడక తెచ్చినవాళ్లకి తిప్పి ఇచ్చేస్తున్నాను. ఇప్పుడు గోడ గడియారాలే చేస్తున్నాను. ఇంకో నాలుగు నెలలంటే అవీ కనపడవు. కొట్టు మూసుకోవడమే" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆయన్ని కూర్చోబెట్టి రికార్డుల గదికి పరిగెత్తాను. అత్తయ్య విని, కళ్లద్దాలు సర్దుకుని, ఆయన పేరున్న వరస తెరిచింది. మూడు ప్రశ్నలూ పైకే వేసింది. నేను భుజం మీదినుంచి తొంగిచూశాను. ఆ గడిలో ఉన్నది పోయిన నెల ఇరవై ఎనిమిదో తేదీ. నిజమైన తేదీ. తోక లేదు. ఆరోజు కూడా శుక్రవారమే. మాక్రో ఆ పొద్దున ఆయన పేరు ఏరి నాకు పంపింది కూడా, పక్కన నేను కొట్టిన "రాలేదు" కనిపిస్తూనే ఉంది. ఆయనకి వారం గుర్తుంది, ఏ వారమో గుర్తులేదు. లోకంలోని గడియారాలన్నీ సరిచేసే మనిషి తన తేదీ ఒక్కటి మరిచిపోయాడు.

"అయ్యో, పాపం" అన్నాను.

అప్పుడే మేనేజరు గుమ్మంలోకి వచ్చాడు. "ఏం తేలింది?"

అత్తయ్య తొణక్కుండా ఆ షీటుని కిందికి దించేసి లేచి నిలబడింది.

"మాదే తప్పు సార్. రోజు, నెల తారుమారయ్యాయి. ఆయన తేదీ ఈరోజే."

నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"నీ కౌంటర్ దగ్గర ఎవరూ లేరు, వెళ్లు" అంది అత్తయ్య నావైపు చూడకుండా.

"అంటే మీ మాక్రో తప్పు చేసిందంటారు" అన్నాడు మేనేజరు.

"చేసింది సార్."

"నేను ఇదివరకు ఏం చెప్పానో గుర్తుంది కదా?"

"గుర్తుంది సార్. ముందు ఆయన్ని లోపలికి పంపిద్దాం. మిగతాది తరవాత మాట్లాడుకుందాం."

ఆయన తల ఊపాడు. నిబంధన ఆయన రాసిందే, ఆసుపత్రి తప్పయితే వచ్చిన రోజునే చెయ్యాలి. పెద్ద డాక్టరుగారు చేతులు కడుక్కుంటూ విషయం విని, "మళ్లీ మాక్రో తప్పేనా అత్తయ్యా?" అని మాత్రం అడిగాడు. "మళ్లీనండి" అంది ఆవిడ. మధ్యాహ్నానికల్లా వాచీలాయన కంటికి కట్టుతో నా ముందునుంచి ఇంటికి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ, "తప్పు మీదేనని ఒప్పుకున్నారు, ఈ రోజుల్లో ఎవరు ఒప్పుకుంటారమ్మా. నేనే మరిచిపోయానేమో అని భయపడ్డాను" అన్నాడు.

టీ వేళకి నేను అత్తయ్య గది తలుపు దగ్గరికి వేసి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"అత్తయ్యా, ఇరవై ఎనిమిదో నెల ఏ క్యాలెండర్లో ఉంది?"

ఆవిడ టీ చల్లార్చుకుంటోంది.

"పన్నెండు దాటితే తారుమారు కాదని నువ్వే నేర్పావు. ఇరవై ఎనిమిదిని నెల కింద తిప్పడం ఏ కంప్యూటర్ వల్ల అవుతుంది?"

"నీకు మరీ బాగా నేర్పేశాను. అదీ వచ్చిన చిక్కు" అంది.

"ఎందుకు చెప్పావలా?"

"మనిషి మరిచిపోయాడంటే నాలుగు నెలలు వెనక్కి తోస్తారు. మెషీను మరిచిపోయిందంటే ఈరోజే చేస్తారు. మరి తప్పు ఎవరిదనాలి, నువ్వే చెప్పు."

అంతలో నాకు ఇంకోటి గుర్తొచ్చింది. ఆ కిందటేడు భయంతో గేటు దాకా వచ్చి తిరిగిపోయిన బస్సు డ్రైవరు మర్నాడు వస్తే, అప్పుడూ మాక్రోదే తప్పయింది. అంతకుముందు కుట్టుమిషను ఆవిడ, కూతురి కాన్పులో పడి తేదీ తప్పితే, అప్పుడూ అంతే. తీగ లాగితే డొంకంతా కదిలింది.

"అయితే నీ మాక్రో ఎప్పుడూ తప్పు చెయ్యలేదా?"

"మొదటి ఏడాది నిజంగానే చేసింది. ఆ తరవాతవి చాలావరకు నేను దానిచేత చేయించినవి" అంది అత్తయ్య. "నేను పొద్దస్తమానం తేదీల మీద అనుమానపడుతూ తిరుగుతాను కదా. ఎప్పుడైనా ఒక తేదీ తప్పిందంటే ఎవరూ ఆరా తియ్యరు. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎలాగూ పోదు. దాన్ని కాస్త పనికొచ్చేలా వాడుకోవద్దూ?"

"మరి ఇప్పుడు నీ మాక్రో పోతుందే."

"పోతే పోయింది. ఫ్రేముల స్టోరులో మాత్రం తేదీలుండవా ఏం?"

అంది కానీ, టీ గ్లాసు అలాగే పక్కన పెట్టేసింది. ఏళ్ల తరబడి పెంచుకున్నదాన్ని వదులుకోవడం ఆవిడకి బాధగానే ఉంది. నాకూ ఏడుపొచ్చింది, గర్వమూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి మొహం ఎలా ఉంటుందో నాకు తెలియదు గానీ, "అలా చూడకే, టీ తాగు" అంది అత్తయ్య.

అన్నమాట ప్రకారం మేనేజరు నెల రోజులకి కొత్త ప్రోగ్రాం అమ్మే కుర్రాయన్ని రప్పించాడు. మీటింగు గదిలో ఆయన, పెద్ద డాక్టరుగారు, అత్తయ్య కూర్చున్నారు. పేషెంట్ల తరఫు సంగతులు చెప్పాలని నన్నూ పిలిచారు. కుర్రాయన తెర మీద రంగురంగుల బొమ్మలు చూపించి, "తేదీల విషయంలో మా ప్రోగ్రాం అస్సలు తప్పు చెయ్యదండి" అన్నాడు.

అత్తయ్య కళ్లద్దాలు ముక్కు చివరికి జారాయి. మూడు ప్రశ్నలూ వేసింది. చుక్కలు పెట్టి చూసింది, టైము తగిలించింది, రోజూ నెలా అటూ ఇటూ మార్చింది, కాలమ్ సన్నగా నొక్కింది. కుర్రాయన నుదురు తుడుచుకుంటున్నాడు గానీ, ప్రోగ్రాం అన్నిటికీ నిలబడింది.

"మంచి ప్రోగ్రామే సార్. కొనండి" అంది అత్తయ్య మేనేజరుతో. తనకి కలిసొచ్చే మాట కాకపోయినా నిజం కాబట్టి చెప్పేసింది. మా అత్తయ్య అంతే.

మేనేజరు జేబులోంచి పెన్ను తీశాడు.

"ఒక్క నిమిషం" అన్నాడు పెద్ద డాక్టరుగారు. "ఇది ఎప్పుడూ తప్పు చెయ్యదా బాబూ?"

"ఎప్పుడూ చెయ్యదు సార్."

"పొరపాటున కూడా?"

"పొరపాటున కూడా సార్. కావాలంటే హామీ రాసిస్తాం."

"అయితే మనకి పనికిరాదు" అన్నాడు డాక్టరుగారు.

మేనేజరు పెన్ను గాల్లోనే ఆగిపోయింది.

"నిన్న నా చేతి గడియారం ఆగిపోతే వాచీలాయన దగ్గరికి పట్టుకెళ్లాను" అన్నాడు డాక్టరుగారు. "విప్పి, సెకన్ల ముల్లు తీసి, మళ్లీ బిగించి ఇచ్చాడు. ఎవరి సాయమూ లేకుండా. అత్తయ్య మాక్రో తప్పు చేసింది కాబట్టి ఆయన ఆ పని చేస్తున్నాడు. ఇన్నేళ్లలో అది చేసిన తప్పులన్నీ నేనే ఆపరేషన్ చేశాను. ప్రతిసారీ కేసు కాగితం పైన వేసిన తేదీ చూస్తూనే ఉన్నాను. పన్నెండు దాటినవే ఎక్కువ."

అత్తయ్య బల్ల మీదున్న నీళ్ల గ్లాసుని అకారణంగా పక్కకి జరిపింది. తేదీల్ని అన్నేళ్లు అనుమానించింది గానీ, డాక్టరుగారికి లెక్కలు వచ్చని మాత్రం ఆవిడకి ఎప్పుడూ అనుమానం రాలేదు.

"మరి నిబంధన డాక్టరుగారూ?" అన్నాడు మేనేజరు మెల్లిగా.

"భేషుగ్గా ఉండనివ్వండి. ఆసుపత్రి తప్పయితే వచ్చిన రోజే చెయ్యాలని కూడా అందులోనే ఉందిగా."

మేనేజరు పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. ఫ్రేముల స్టోరు మాట ఆ తరవాత ఎవరి నోటా రాలేదు.

ఆరునెలలు సావాసం చేస్తే వారు వీరౌతారంటారు. మా మేనేజరుకి అన్నాళ్లు కూడా పట్టలేదు. మొన్న ఒక పొద్దున స్కూల్లో ఆయాగా పనిచేసే ఆవిడ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆ రోజు జాబితాలో పేరు లేదు, ముందురోజు దాంట్లో ఉందని చెప్పాను. "నిన్ననేనా? అయ్యో, నిన్న ఏం వారం?" అంటూ ఆవిడ కర్రని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటోంది. నేను లేవబోయేలోపే మేనేజరు వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని తిన్నగా రికార్డుల గదికి నడిపించుకుపోయాడు. నేను వెనకాలే వెళ్లాను.

"అత్తయ్యగారూ" అన్నాడు. ఆయన నోట ఆ పిలుపు వినడం అదే మొదలు. "మీ మాక్రో మళ్లీ తప్పు చేసినట్టుంది. కాస్త చూడండి."

అత్తయ్య ఆయనవంక చూసింది. ఆయాగారివంక చూసింది. తెర మీద వరస తెరిచి, ఎంతో శ్రద్ధగా మూడు ప్రశ్నలూ వేసింది. ఆ గడిలో ముప్ఫై ఒకటో తేదీ నిక్షేపంగా ఉంది.

"చేసింది సార్" అంది.

"ఏం చేసింది?"

"రోజు, నెల తారుమారు."

మేనేజరు వంగి ఆ ముప్ఫై ఒకటిని చూశాడు. చాలాసేపు చూశాడు. తరవాత నిటారుగా నిలబడి టై సర్దుకున్నాడు.

"నేనూ అదే అనుకున్నాను" అని, ఆయాగారి చేతిసంచీ తానే అందుకుని ఆపరేషన్ గది వైపు దారి చూపించాడు.